ఉప్పెక్కిన తొట్టి

మారతహళ్ళిలో మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి సముద్రపు ఒడ్డున పెరిగిన పిల్ల. సామాను దింపేటప్పుడు మంచం కన్నా ముందు గాజు తొట్టి ఒకటి దింపించింది. అందులో ఉప్పునీళ్ళు, పచ్చటి సముద్రపు నాచు, ఆ నాచులో గోరంత రొయ్య. నాచు రంగే దాని రంగు. కదిలితే తప్ప కనబడదు.

మొన్నామధ్య అక్క పురుడని పదిరోజులు ఊరెళ్తూ తాళం నా చేతికిచ్చింది. "నీళ్ళు తగ్గితే ఈ గీత దాకా క్యాన్ వాటర్ పొయ్యండాంటీ, అంతే. సాల్ట్ వెయ్యొద్దు. ఈ ఊళ్ళో నాకున్న తోడు అదొక్కటే" అంది.

సముద్రపు ప్రాణికి చప్పనీళ్ళేమిటి, నా మొహం! నలభై ఏళ్ళుగా వంట చేస్తున్నదాన్ని, ఉప్పు సంగతి నాకొకరు చెప్పాలా? తొట్టి పక్కనున్న డబ్బాలోంచి రోజూ గ్లాసు నీళ్ళకు చెంచాడు ఉప్పు కలిపి పోశాను.

మూడోరోజు నుంచి రొయ్య కనబడలేదు. సాయంత్రం ఆ పిల్ల వీడియో కాల్ చేసింది. "ఇద్దో, ఈడే ఉండాది చూడమ్మా" అని ఏదో ఆకు మీద వేలు పెట్టాను.

"ఆఁ, కనిపించిందాంటీ. థాంక్స్" అంది. రోజూ ఇదే తంతు. ఆడిన అబద్ధానికి నాకు అన్నం సయించలేదు.

ఆరోరోజు భోజనాల దగ్గర చారు నోట పెట్టగానే మా ఆయన మొహం చిట్లించారు. "ఏమే, సారులో ఇంత ఉప్పుండాది?"

"మరిగి మరిగి చిక్కబడింది. నీళ్ళు ఆవిరైతే ఉప్పు కూడా పోతాదా? రవ్వంత నీళ్ళు కలుపుతా ఉండప్పా" అన్నాను. అన్నాక నా మాట నాకే తగిలింది. గరిటె పడేసి మేడ మీదికి పరిగెత్తాను. అయ్యో, చేతులారా చంపానే! తొట్టిలోంచి కొన్ని నీళ్ళు తీసేసి, క్యాన్ నీళ్ళు చుక్క చుక్కగా పోస్తూ కూర్చున్నాను. నాచులో ఏదీ కదల్లేదు. ఆ తర్వాతి రోజుల్లోనూ కదల్లేదు.

ఆ పిల్ల వచ్చిన రోజు గుమ్మంలోనే అంతా చెప్పేసి ఏడ్చాను. తను కర్టెన్ వేసి, ఫోన్ లైటు నాచు మీదికి పట్టింది. చాలాసేపు వెతికింది. అడుగున, ఆకుల చాటున, నారింజరంగు చుక్కలు రెండు మెరిశాయి.

"కళ్ళాంటీ! బతికే ఉంది!" అంటూ తనూ ఏడ్చేసింది. నేను వంగి ఆ చుక్కల్ని కళ్ళారా చూశాను.

"అదేమే, ఫోన్లో రోజూ కనిపించిందన్నావు?"

"మీరు చూపించింది ఆకాంటీ. పోయిందనే అనుకున్నా."

"మరి రోజూ ఎందుకు ఫోన్ చేశావమ్మా?"

"మానేస్తే, నాకు తెలిసిపోయిందని మీకు తెలిసిపోదూ?" అంది.