టెస్టర్ వెలిగింది, ఫ్యాను తిరగలేదు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పన్నెండు వందల ప్లగ్గులు ఉండేవి. ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది, ఉన్నవి మూడు. రోహిణి కార్తెలో ఒకరోజు ఆ మూడూ కూడబలుక్కున్నట్టు చచ్చిపోయాయి. లైట్లు మాత్రం సిగ్గు లేకుండా వెలుగుతూనే ఉన్నాయి.

పాలకొల్లు దగ్గర మా పెంకుటింట్లో ఉన్నది ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను. దాని ఎదురుగా ఉయ్యాల్లో నలభై రోజుల మా చెల్లి, ఒళ్ళంతా చెమటకాయలతో. ఫ్యాను ఆగాక చెల్లి ఎత్తుకున్న ఏడుపుకి అన్నవరం కొండ మీది గంటలు కాసేపు ఆగి విన్నాయని నా నమ్మకం. అమ్మ తడిగుడ్డతో ఒత్తుతూనే ఉంది, పిల్ల ఎర్రబడుతూనే ఉంది.

మా తాతయ్య జేబులో పెన్ను ఉండవలసిన చోట టెస్టర్ ఉండేది. అది వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. మా ఇంట్లో దాని మాటకు తిరుగు లేదు. ఆ రోజు మూడు ప్లగ్గుల్లోనూ పెడితే మూడింటిలోనూ దీపావళిలా వెలిగింది. కరెంటు ఉందంటే తప్పు ఫ్యానుదే కదా! తాతయ్య వీధి అరుగు మీద పాత పేపరు పరిచి, ఫ్యాను విప్పేశారు. నాలుగు వందల స్క్రూలు బయటపడ్డాయి, అంటే పదకొండు. అంతటితో ఊరుకోక, రాగి తీగల చుట్టలో స్క్రూడ్రైవరు పెట్టి కెలికారు కూడా.

అమ్మ వచ్చి చూసింది.

"ఏంటండీ మావయ్యగారూ, ఇది మీరు విప్పారా?"

"నేనే అమ్మాయ్. పావుగంటలో బిగించేస్తాను."

ఆ పావుగంట సాయంత్రం దాకా సాగింది.

చెల్లి ఏడుపు వినలేక పక్కింటి అక్క వచ్చింది. వాళ్ళ నాన్న చేలల్లో నీళ్ళ మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. ఆ పని చూస్తూ పెరిగిన పిల్ల. పిన్ను బిగించిన బల్బొకటి తెచ్చి, మూడు ప్లగ్గుల్లోనూ పెట్టి చూసింది. ఎక్కడా వెలగలేదు.

"టెస్టర్ వెలిగింది కదే!" అన్నారు తాతయ్య.

"వెలుగుద్దండి తాతయ్యగారూ. వచ్చే తీగ బాగానే ఉంది. తిరిగెళ్ళే తీగ ఎక్కడో ఊడిపోయింది. ఫ్యానుకేం రోగమండి, పాపం!"

తాతయ్య ఫ్యాను వంక చూశారు. నేను తాతయ్య వంక చూడలేదు.

అక్క మెయిన్ ఆపేసి, పచ్చడి జాడీల వెనకున్న మొదటి బోర్డు విప్పింది. నల్ల తీగ స్క్రూ నుంచి జారి వేలాడుతోంది. మిగతా రెండు ప్లగ్గులకూ దారి అక్కడినుంచే. బిగించగానే బల్బు మూడు చోట్లా వెలిగింది. ఫ్యాను మాత్రం, ఎలాగో బిగించి పెడితే, మూలిగింది గానీ తిరగలేదు. లోపల ఒక చుట్ట తెగిపోయిందట, మళ్ళీ వైండింగ్ కట్టాలట.

"నారుమళ్ళ మోటార్లు వరసలో ఉన్నాయండి. తొలకరి దాకా నావల్ల కాదు" అన్నాడు అక్క వాళ్ళ నాన్న.

మూడు ప్లగ్గుల నిండా కరెంటు. పెట్టడానికి ఫ్యాను లేదు. తాతయ్య తాటాకు విసనకర్ర పట్టుకుని ఉయ్యాల పక్కన కూర్చున్నారు. తొలకరి దాకా లేవలేదు. ఈ మాటలో నేను పెంచింది చాలా తక్కువ.

ఇప్పటికీ ఇంట్లో ప్లగ్గు పనిచేయకపోతే నేను టెస్టర్ మాట ఒక్కటే నమ్మను; బల్బు పెట్టి చూస్తాను. ఆ తరవాతే స్క్రూడ్రైవరు తీస్తాను.

ప్లగ్గులూ స్క్రూలూ గంటలూ పెంచినవే, కల్పించినవి కావు. నేను కల్పించింది ఒక్కటే: ఫ్యాను విప్పింది తాతయ్య అన్నది. ఆయన కునుకు తీస్తుండగా జేబులోని టెస్టర్ లాగి, మూడు చోట్లా పెట్టి, పదేళ్ళ పెద్దమనిషిలా తీర్పు చెప్పి విప్పింది నేను. అమ్మ వచ్చేలోపు ఆయన నన్ను పక్కకు జరిపి, ఆ పేపరు ముందు తాను కూర్చున్నారు.

ఆ మిగిలిన వేసవంతా విసనకర్ర పట్టవలసిన చెయ్యి నాది.