మూడేళ్ల కాంట్రాక్టు, పేరు లేని ప్రార్థన చీటీ

సహోదరులారా, సహోదరీలారా, నన్ను ఇంతదూరం చెయ్యి పట్టుకుని నడిపించిన నా దేవుని పేరట మీకందరికీ వందనాలు. ఈ మైకు ముందు నేను నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి ఏం చెప్పానో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు మీరు గట్టిగా చప్పట్లు కొట్టారు, కూడిక అయ్యాక నా భార్య కెజియా వండి తెచ్చిన బిర్యానీ ట్రేలు మూడూ తుడిచిపెట్టేశారు. దేవుడు నాకు మూడేళ్ల సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఇచ్చాడని, ఈ ఇర్వింగ్ ఊళ్లో మన తెలుగువాళ్లలో ఎవరికీ రాని గంట రేట్ నాకు వచ్చిందని, కొత్త ఇంటికి సంతకం పెట్టానని ఆ రోజు సాక్ష్యం చెప్పాను. ఈ రోజు ఆ సాక్ష్యాన్ని మీ అందరి ముందు వెనక్కి తీసుకోవడానికి వచ్చాను.

ఆ సాక్ష్యం చెప్పిన అయిదో నెలలో క్లయింట్ నన్ను తీసేశాడు. మార్కెట్ పడిపోయిన సంవత్సరం అది, గ్రీన్‌కార్డు అప్పటికే వచ్చింది కాబట్టి దేశం వదిలి వెళ్లే భయం లేదు గానీ, ఇంటి కిస్తీ ఉంది, కొత్త వ్యాను కిస్తీ ఉంది, సోఫాలు కూడా క్రెడిట్ కార్డు మీదే కొన్నాను. రెండు వారాల నోటీసు అన్నారు, అదేమిటి మూడేళ్లు కదా అన్నాను, కాంట్రాక్టు చదువుకోమన్నారు. నేను చదవలేదు, సహోదరులారా. రేట్ ఉన్న పేజీ చదివాను, సంతకం పెట్టాల్సిన పేజీ చూశాను, మధ్యలో ఉన్న పేజీలన్నీ దేవుడే చూసుకుంటాడనుకున్నాను.

ఆ సంగతి కెజియాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఉద్యోగం పోయినందుకు కాదు, ఉద్యోగం పోవడం ఇర్వింగ్‌లో మనకేం కొత్త కాదు. ఈ మైకులో చెప్పేశాను కదా, దేవుడే ఇచ్చాడని చెప్పేశాను కదా, ఇప్పుడు పోయిందంటే జనం నన్ను చూసి నవ్వుతారని, ఇంకా తెలివిగా, దేవుడి పేరు పోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా పరువుకు దేవుడి పేరు పెట్టాను. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కెజియా కట్టిచ్చిన లంచ్ డబ్బా పట్టుకుని, హైవే ఎక్కి, లైబ్రరీ పార్కింగ్ లాట్‌లో కారు ఆపుకుని కూర్చునేవాణ్ణి. కొన్ని వారాల తర్వాత ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో గంటల లెక్కన పని దొరికింది, ఆ సీజన్‌లో వాళ్లకు మనుషులు చాలక నాలాంటివాణ్ణి కూడా నేర్పించి పెట్టుకున్నారు. మిగతా ఖర్చంతా కార్డుల మీద నడిపాను.

ఇప్పుడు చెప్పేది నా సిగ్గుల్లోకెల్లా పెద్ద సిగ్గు. వెనక గోడ దగ్గరున్న ఆ ప్రార్థన పెట్టెలో నేను ఒక చీటీ వేశాను. నా చేతిరాత గుర్తుపడతారని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో, పేరు చెప్పని ఒక సహోదరుని ఉద్యోగము కొరకు ప్రార్థించగలరు, అని అర్థం వచ్చేలా రాశాను. పాస్టర్ గారు ఆ చీటీ చదివారు, మీరంతా ఆమెన్ అన్నారు, నేనూ అందరికంటే కాస్త గట్టిగానే ఆమెన్ అన్నాను. కెజియా సంగతి మీకు తెలుసు, చదివిన ప్రతి చీటీనీ తన నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో ఆ సహోదరుడు చేరాడు. నా పక్కనే మోకాళ్ల మీద ఉండి, నా చెయ్యి పట్టుకుని ఇలా ప్రార్థించేది. "ప్రభువా, పేరు తెలియని ఆ సహోదరునికి మంచి ఉద్యోగం దయచేయండి. ఆయన భార్య ఎంత కుమిలిపోతోందో మీకు తెలుసు తండ్రీ, ఆమెకు ధైర్యం ఇవ్వండి. ఆమె ఒంటరిది కాదని ఆమెకు తెలియజేయండి." నేను ఆమెన్ అనేవాణ్ణి. ఏడు నెలలు అన్నాను.

దేవుడు నన్ను ఎలా విడిపించాడో వినండి. ఒక ప్రవక్తను పంపలేదు, దర్శనం ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ల ఫుట్‌బాల్ కుర్రాణ్ణి పంపాడు. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, ఇక్కడివాళ్లు హెల్మెట్లు పెట్టుకుని చేత్తో పట్టుకుని పరిగెత్తేది. అతని పేరు డారెల్. వాళ్ల అమ్మ మిస్ లొరేన్ ఇర్వింగ్‌లోనే ఒక స్కూలు క్యాంటీన్‌లో పనిచేసేది, ఏటా ట్యాక్సులు మా ఆఫీసులోనే వేయించుకునేది. ట్యాక్స్ సీజన్ అయిపోయిన కొద్ది రోజులకు కొడుకును వెంటబెట్టుకుని వచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

టీంలన్నీ వరసగా కుర్రాళ్లను ఎంచుకునే రోజుల్లో డారెల్ పేరు ఎవరూ పిలవలేదట. అంతా అయిపోయాక వేరే రాష్ట్రంలోని ఒక టీం ఫోన్ చేసి రమ్మంది. మూడేళ్ల కాంట్రాక్టు. మూడేళ్ల మొత్తాన్ని కలిపి లోకల్ పేపర్లో వేశారు, ఆ అంకె నేనూ చూశాను, చూసి కుళ్లుకున్నాను. నాకంటే పదహారేళ్లు చిన్నవాడు, బంతి పట్టుకుని పరిగెత్తినందుకు మిలియన్ దాటిన డబ్బు. అతను బయట ఆపి వచ్చిన కారేమో వాళ్ల అమ్మది, దాని వెనక బంపరు టేపుతో అతికించి ఉంది. మిలియనీరువి ఇదేం కారయ్యా అని నవ్వుతూ అడిగాను. అతను నవ్వలేదు, బ్యాగులోంచి కాంట్రాక్టు తీసి నా ముందు పెట్టాడు. ప్రతి పేజీలోనూ పెన్సిల్ గీతలున్నాయి. నేను చదవకుండా వదిలేసిన మధ్య పేజీల్లాంటివే, సహోదరులారా, వాటిలోనే ఎక్కువ గీతలున్నాయి.

"పేపర్లో వేసింది నా డబ్బు కాదు సార్" అన్నాడు. "ఆ వారం టీంలో నా పేరుంటేనే ఆ వారం చెక్కు. సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యేలోపు తీసేస్తే ఆ జీతం ఒక్క డాలర్ కూడా రాదు. సంతకం పెట్టినందుకు ఇచ్చిన అయిదు వేలు ఒక్కటే నాది, అందులోనూ ట్యాక్స్ పోతుంది. రేపే నన్ను తీసేశారనుకుని లెక్క వేసి చూపించండి."

రేపే తీసేస్తే. ఆ మాట నేను ఒక్కసారైనా అనుకుని ఉంటే నా బతుకు అలా ఉండేది కాదు. నేను అన్నీ కూర్చి రెండు లెక్కలు వేశాను, టీంలో నిలబడితే ఒకటి, తీసేస్తే ఇంకొకటి. ట్రైనింగ్ క్యాంపులో తిండి, గది వాళ్లవే, చేతికిచ్చేది మాత్రం వారానికి చిన్న మొత్తం. టీంలో నిలబడితే సీజన్‌లో పదిహేడు చెక్కులు, ఒక్కొక్క చెక్కులోంచి ఫెడరల్ ట్యాక్స్, ఆ రాష్ట్రం ట్యాక్స్, వేరే ఊళ్లో ఆడిన వారానికి ఆ ఊరి రాష్ట్రం ట్యాక్స్, ఏజెంట్ వాటా. సీజన్ అయ్యాక ఏడు నెలలు దాదాపు ఏమీ ఉండదు, ఆ ఏడు నెలల్లో ఒళ్లు కాపాడుకునే ఖర్చు తనదే. నేను చెప్తుంటే మిస్ లొరేన్ తల ఊపుతోంది, అవన్నీ ఆ తల్లికి అప్పటికే తెలుసు. ఆ అయిదు వేలలో అతను చేసిన ఖర్చు ఒక్కటేనట, వాళ్ల అమ్మకు ఏళ్లుగా ఊడిపోయి ఉన్న రెండు పళ్లు కట్టించాడు. ఆవిడ ఆ పళ్లు నాకు చూపించి మరీ నవ్వింది.

వాళ్ల చర్చిలో అతన్ని ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించాలనుకున్నారట. డారెల్ ఒప్పుకోలేదు. "నాకు అవకాశం వచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. చప్పట్లు వద్దు, ప్రార్థన చేయండి చాలు అని పాస్టర్‌కు చెప్పాను" అన్నాడు. ఆ మాటకు నేను తల దించుకుని స్టేప్లర్‌లో పిన్నులు వేసుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు మధ్యాహ్నం కారులో కెజియా కట్టిచ్చిన పులిహోర తింటూ నా పాత కాంట్రాక్టు తీసి మొదటిసారి మొత్తం చదివాను. రెండు వారాల మాట నాలుగో పేజీలో ఉంది, స్పష్టంగా ఉంది. దేవుడు నన్ను మోసం చేయలేదు, కంపెనీ కూడా మోసం చేయలేదు. ఇంకా రాని డబ్బును వచ్చిందని చెప్పింది నేనే.

అయినా ఇంట్లో చెప్పానా అంటే చెప్పలేదు. అబద్ధం అలవాటైతే అంత తొందరగా వదలదు, తాగుడు గురించి మీరంటారు చూడండి, ఇదీ అంతే. డారెల్ క్యాంపుకు వెళ్లాడు. మిస్ లొరేన్ అప్పుడప్పుడూ ఆఫీసుకు వచ్చి కబుర్లు చెప్పేది, రెండో వారం దాటాడు, చీలమండ వాచింది, అయినా ఆడుతున్నాడు అని. మా ఆఫీసంతా ఆ కుర్రాడి కోసం ఎదురుచూశాం. నేనైతే నా ఉద్యోగం కోసం చేయని ప్రార్థన అతని ఉద్యోగం కోసం చేశాను. "తండ్రీ, ఈ పిల్లవాణ్ణి నిలబెట్టండి, అంత నిజాయితీగా ఉన్నవాడికి ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తారు" అని దేవుడితో కాస్త దబాయించినట్టే అడిగాను.

సెప్టెంబర్ మొదట్లో, సీజన్‌కు ముందు ఎక్కువైన కుర్రాళ్లను పంపించేసే ఆఖరి కోతలో, అతన్ని తీసేశారు.

సెలవు సోమవారం అయ్యాక మంగళవారం పొద్దున అతను మా ఆఫీసుకు వచ్చాడు. అదే కుర్చీలో కూర్చుని, "సార్, నన్ను తీసేశారు. మనం వేసుకున్న రెండో లెక్క ఉంది కదా, అది తియ్యండి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను లెక్క తీయలేదు. నీకు సిగ్గుగా లేదా డారెల్, పేపర్లో పడింది కదా, చర్చి అంతా నీకోసం చూస్తోంది కదా, అమ్మకు ఎలా చెప్పగలిగావు అని అడిగాను. అతని కోసం కాదు, నా కోసం అడిగాను.

"సిగ్గుగానే ఉంది సార్. స్టేడియం పార్కింగ్ లాట్‌లోంచే అమ్మకు ఫోన్ చేశాను. చెప్పకపోతే ఆదివారం టీవీ ముందు కూర్చుని నా చొక్కా మీది నంబర్ కోసం వెతుకుతుంది కదా. ఆవిణ్ణి అలా వెతకనివ్వడం నావల్ల కాదు" అన్నాడు.

సహోదరులారా, ఆ క్షణాన నాకు కెజియా కనపడింది. నోట్‌బుక్ తెరిచి, మోకాళ్ల మీద ఉండి, పేరు తెలియని ఆ సహోదరుని భార్య కోసం దేవుడి దగ్గర వెతుకుతున్న కెజియా. ఏడు నెలలుగా వెతుకుతోంది. నేను పక్కనే ఉండి వెతకనిస్తున్నాను. నేను పార్కింగ్ లాట్‌లో కూర్చున్నాను, ఆ పిల్లవాడూ పార్కింగ్ లాట్‌లోనే కూర్చున్నాడు, కానీ అతను ఫోన్ తీశాడు. ఆఫీసు వెనక గదిలోకి వెళ్లి, "ప్రభువా, ఉద్యోగం అడగను, ఇల్లు అడగను, నా నోరు తెరవండి చాలు" అని ప్రార్థించాను. పనిలోకి వచ్చినప్పటి నుంచి మొదటిసారి మధ్యాహ్నమే ఇంటికి వెళ్లాను.

కెజియా పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడానికి బయల్దేరబోతోంది. "ఏంటండీ, ఇంత ఎర్లీగా వచ్చారు, ఒంట్లో బాలేదా?" అంది. అక్కడే, చెప్పుల స్టాండ్ పక్కన నిలబడి, మొత్తం చెప్పాను. కాంట్రాక్టు, లైబ్రరీ, ట్యాక్స్ ఆఫీసు, కార్డులు, చివరికి ఆ చీటీ కూడా. తను కారు తాళాలు చేతిలో పట్టుకుని వింది. ఒకే మాట అడిగింది.

"అయితే ఇన్నాళ్లూ నేను ప్రేయర్ చేసింది నాకోసమేనా?"

ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అంది, "జాబ్ పోయినందుకు కాదండీ నా బాధ. కార్డులు ఎలాగో కట్టుకుంటాం. నా చెయ్యి పట్టుకుని ఆమెన్ అన్నారే, దానికి." ఈ రోజు ఇక్కడ నన్ను మెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ మాట విని ఆమె నన్ను వదిలిపెట్టి పోనందుకు ఆమెను మెచ్చుకోండి. ఆ ఆదివారం నేను ఇంకో చీటీ వేశాను, తెలుగులో, నా చేతిరాతతో, పేరు రాసి. పాస్టర్ గారు చదివారు. ఎవరూ నవ్వలేదు. కూడిక అయ్యాక ముగ్గురు సహోదరులు ఒకరి తర్వాత ఒకరు నా దగ్గరకొచ్చి, అన్నా, నేనూ పేరు లేని చీటీయే వేశాను అని మెల్లగా చెప్పారు.

ఇల్లు అమ్మేశాం, మళ్లీ రెండు గదుల అపార్ట్‌మెంట్‌కి వచ్చాం. కెజియా డేకేర్‌లో పనికి చేరింది. మళ్లీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడానికి ఇంకో ఏడాది పట్టింది, కార్డుల బాకీ తీరడానికి అయిదేళ్లు పట్టింది, పోయిన నెలే చివరి చెక్కు పంపాం. అందుకే పాస్టర్ గారు సాక్ష్యం చెప్పమన్నారు. కానీ నేను బాకీ తీరిందని చెప్పడానికి రాలేదు, దేవుడు నన్ను నా అబద్ధం నుంచి విడిపించాడని చెప్పడానికి వచ్చాను. డారెల్‌ను ఆ ఏడాది చివర్లో ఇంకో టీం ప్రాక్టీసుకు పిలిచింది, వారం వారం జీతం, నాలుగు వారాలకు మళ్లీ తీసేశారు. ఆ పై ఏడాది నిలబడ్డాడు, రెండు సీజన్లు ఆడాడు. వాళ్ల అమ్మ టీవీలో అతని నంబర్ వెతుక్కుంది, దొరికింది. ఇప్పుడు హైస్కూల్లో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. బంపరు మాత్రం బాగు చేయించారు, నేను చూశాను.

మీలో ఎవరైనా ఈ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లోపల పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఉన్నారేమో నాకు తెలియదు. వీసా కావచ్చు, ఉద్యోగం కావచ్చు, తాగుడు కావచ్చు. ప్రార్థన పెట్టె వెనక గోడ దగ్గరే ఉంది, పక్కన పెన్ను కూడా ఉంది. నా దేవుణ్ణి నమ్మండి, ఆయన సిగ్గుపడినవాణ్ణి తోసేసేవాడు కాదు, నన్ను తోసేయలేదు. చీటీ మీద పేరు రాయండి, దానికంటే ముందు ఇంట్లో చెప్పండి. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఇప్పటికీ ఉంది. కెజియా నా చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తుంది, నా పేరు పెట్టి ప్రార్థిస్తుంది. నేను ఆమెన్ అంటాను. దేవునికే మహిమ.