పేరు రాయని క్యాసెట్టు

మొన్న మా పెద్దమ్మాయి కొత్త టీవీ తెచ్చి గోడకు బిగింపించింది. బొమ్మ బాగానే ఉంది గాని, మా పాత డీవీడీ పెట్టె వైరు దానికి ఎక్కడా పట్టదట. "గిప్పుడు డిస్కులు ఎవలు చూస్తున్నరమ్మా, అన్ని పెన్‌డ్రైవ్‌ల ఏయించుకొస్త తియ్యి" అని డిస్కులన్నీ సంచిలో వేసుకుని పోయింది. నా ఈడు వాళ్ళకు తెలిసే ఉంటుంది, మన మనుషులను ఇట్లా ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చుకోవడం మనకు మొదటిసారి కాదు. వీడియో క్యాసెట్లను డిస్కులు చేయించడానికి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోయిన రోజు ఆ సాయంత్రమంతా నా కళ్ళ ముందు తిరిగింది.

అది రెండు వేల పదకొండు. ఉద్యమం రోజులు కావడంతో బస్సులు ఒకనాడు నడిస్తే ఒకనాడు డిపోలోనే ఉండేవి. మా ఇంట్లో క్యాసెట్టు ఆడించే యంత్రం చెడిపోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఇద్దరమ్మాయిల పెండ్లిళ్ళు, మనవడి పుట్టువెంట్రుకలు, అన్నీ బీరువా అడుగున బూజు పడుతున్నాయని నాకు దిగులు. మా ఆయనకు మాత్రం పెద్దమ్మాయి పెండ్లి మాటెత్తితేనే ముఖం ముడుచుకునేది. దానికి కారణం మా అన్న.

మా వైపు పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి తేవాలి. పెద్దమ్మాయికి ఉన్న ఒకే మేనమామ మా అన్న. ఊళ్ళోని బడి ఆవరణలో పందిరి వేసి, రామారెడ్డి నుంచి వచ్చిన అన్నకు కొత్త ధోతి, కండువా పెట్టాము. తీరా లగ్నం వేళకు మనిషి కనిపించలేదు. బ్రాహ్మడు తొందర పెడుతున్నాడు, వియ్యాలవారు గుసగుసలు పోతున్నారు. చివరకు వరసకు మేనమామ అయ్యే మా పెదనాన్న కొడుకు గంప ఎత్తాడు. అక్షింతలు పడ్డాక అన్న వచ్చి ఒక మూల నిలబడ్డాడు. మా ఆయన అందరి ముందర నిలదీస్తే, "అవ్వకు పానం బాగలేకుండె బావా" అని ఒక్క మాట అన్నాడు.

అవ్వ అంటే మా అమ్మే. అప్పటికి ఆమె బంతిలో కూర్చుని భోంచేస్తోంది. నేనే వెళ్ళి అడిగాను. "నాకేమైంది, మంచిగనే ఉన్న" అంది అవ్వ, తలెత్తకుండా. నలుగురి ముందు అన్న అబద్ధాలకోరు అయిపోయాడు. ఆ రోజు నుంచి రెండు ఇండ్ల మధ్య రాకపోకలు లేవు. చిన్నమ్మాయి పెండ్లికి పిలుపు కూడా పోలేదు. అవ్వ పోయినప్పుడు సైతం అన్నా, మా ఆయనా పాడెకు చెరోవైపు నిలబడ్డారు గాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను ఎటూ చెప్పలేక, కట్టుకున్న మనిషి వైపే ఉండిపోయాను. మనలో చాలామంది ఆడవాళ్ళం చేసిన పనే నేనూ చేశాను.

ఇక కామారెడ్డిలో నేను పోయిన స్టూడియో సంగతి. క్యాసెట్లు ఇచ్చి వారం తర్వాత రమ్మన్నాడు అది నడిపే నడివయసు ఆయన. అవి వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. "మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలే పడుతదమ్మా, ఉరికిచ్చుడు ఉండది" అన్నాడు. ఉంటానన్నాను. స్టూలు వేశాడు. పాటలు కలిపి అందంగా చేసిన పెండ్లి క్యాసెట్టు అయ్యాక, సంచిలో అడుగున పేరు రాయని క్యాసెట్టు ఒకటి తగిలింది. అది కెమెరాలో తీసిన అసలుదని, ఇందులోంచి కోసి ఆ పెండ్లి క్యాసెట్టు చేశారని ఆయనే చెప్పాడు. పదిహేడేళ్ళుగా దాన్ని ఎవరమూ పెట్టి చూడలేదు. అంచులకు తెల్లగా బూజు పట్టింది. "ఆడితే ఆడుతది, లేకుంటే తెగుతది" అన్నాడు. కానియ్యమన్నాను.

గీతలు గీతలుగా బొమ్మ వచ్చింది. వంటవాళ్ళు, గంగాళాలు, ఇస్తరాకులు కడుగుతున్న ఆడవాళ్ళు. కెమెరా అతను అక్కడి నుంచి పందిరి వైపు వస్తూ తలుపు తీసి ఉన్న తరగతి గదిలోకి లైటు తిప్పాడు. లోపల బెంచీ మీద అవ్వ పడుకుని ఉంది. ఆమె తల అన్న ఒళ్ళో ఉంది. మేము పెట్టిన కొత్త కండువాతో అన్న విసురుతున్నాడు. బయట డప్పులు మోగుతుంటే లేవబోయాడు. అవ్వ అతని మణికట్టు పట్టుకుంది. లైటు ముఖాన పడగానే ఇంకో చేత్తో, కెమెరా అతన్ని పో పో అన్నట్టు ఊపింది. అంతే. ఆ తర్వాతి బొమ్మలో మా పెదనాన్న కొడుకు గంపతో వస్తున్నాడు.

"కొంచెం ఎన్కకు తిప్పుతవా" అని అడిగాను. మూడుసార్లు తిప్పాడు. ఎవరమ్మా అని అడిగితే, మా అవ్వ, మా అన్న అని మాత్రం చెప్పగలిగాను. లింగంపేట దాటేదాకా బస్సులో కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఏమీ చెప్పకుండా ఆ డిస్కు పెట్టాను. మా ఆయన మొదట లేచి పోబోయారు, తర్వాత కూర్చున్నారు. అయిపోయాక, "మరి ముసలమ్మ మంచిగనే ఉన్న అన్నది గద" అన్నారు.

"పందిట్ల మన బిడ్డ పెండ్లయితుండె. అపశకునం అంటరని భయపడ్డది. ఇంకేమంటది" అన్నాను.

రెండు రోజులకు బస్సులు నడిచాయి. ఆయన పొద్దున్నే చొక్కా తొడుక్కుని వచ్చి, "రామారెడ్డి పోదాం నడువు" అన్నారు.

అన్న వాకిట్లో కంకులు ఎండబోస్తున్నాడు. బాగా ఒంగిపోయాడు. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుని నిలబడ్డాడు. మా ఆయన అరుగు ఎక్కకుండానే, "తప్పయింది బావా" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"కూసో బావా, ఎండల అచ్చిండ్రు" అన్నాడు అన్న. నేను డిస్కు సంగతి చెబితే, తన మాట నిజమైందని సంబరపడతాడనుకున్నాను. అతను నన్ను అడిగింది వేరు. "అవ్వ కనవడుతదా చెల్లె?"

వాళ్ళింట్లో డీవీడీ లేదు. వదిన పక్కింటికి పోయి అడిగి తెచ్చింది. అన్న టీవీకి బాగా దగ్గరగా కూర్చుని చూశాడు. అప్పుడు గొడవ పెట్టుకుని అయినా నిజం ఎందుకు చెప్పలేదని నేను అడిగితే, తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "చెప్పిన గద ఒకసారి. అవ్వ కాదన్నది. మల్ల చెప్పి, అవ్వను అబద్దాలదాన్ని చేస్తనా?" అన్నాడు. మా ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ వాకిట్లోకి పోయారు.

ఆ తర్వాత అన్న మూడేళ్ళు బతికాడు. వచ్చినప్పుడల్లా, భోజనం కాకముందే, ఆ డిస్కు పెట్టమనేవాడు. బావాబామ్మర్దులు పక్కపక్కనే కూర్చుని చూసేవారు. కానీ చిన్నమ్మాయి గంప ఎత్తే భాగ్యం అతనికి మళ్ళీ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పదిహేడేళ్ళకు నేనూ బాధ్యురాలినే. బంతిలో అవ్వ తలెత్తకుండా జవాబు చెప్పినప్పుడు, ఒక్కసారి పక్కకు పిలిచి అడిగి ఉండాల్సింది.

ఆనాటి కెమెరా అతన్ని మేము బాగా విసుక్కున్నాం. పెండ్లికూతురిని వదిలి వంటవాళ్ళను, పిల్లలను, మూల కూర్చున్న ముసలివాళ్ళను తీసి టేపు పాడు చేస్తున్నాడని మా ఆయన కేకలు కూడా వేశారు. పోయినేడు మనవరాలి పెండ్లయింది. పైన ఎగిరే కెమెరా తెచ్చారు, పెండ్లికి ముందే పొలాల్లో పాటలు తీశారు, చూడటానికి సినిమాలాగే ఉంది. దాన్ని నేను మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. మా వదిన ఆ రోజు తెల్లవారకముందే రామారెడ్డి నుంచి వచ్చి, పసుపు దంచి, తలంబ్రాలు కలిపి, అప్పగింతలయ్యేదాకా ఉంది. అందులో ఎక్కడా లేదు.