చెంపదెబ్బకు సరిపోయే లాప్‌టాప్

మొన్న బాపట్లలో మా కాలేజీ ల్యాబ్‌కు కొత్త లాప్‌టాప్‌లు వచ్చాయి. అట్టపెట్టెలోంచి థర్మకోల్ లాగుతుంటే వచ్చే కీచుచప్పుడుకు నాకు పళ్ళు జివ్వుమన్నాయి, ఆ వెంటే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. అందరూ స్క్రీన్ ఎంత, మెమరీ ఎంత అని చూస్తుంటే నేను మాత్రం ఒకదాన్ని తెరిచి, ఒక కీ నొక్కి, స్పీకర్ దగ్గర చెవి పెట్టాను. "ఏంటండీ మేడమ్, దానికేమైనా జ్వరమా?" అన్నాడు పక్కనున్న ఫిజిక్స్ లెక్చరర్. నవ్వేసి ఊరుకున్నాను. ఆ అలవాటు అసలు నాది కాదు. తెనాలిలో నేనూ మా అమ్మా అద్దెకున్న ఇంటి యజమాని ప్రకాశరావు మాస్టారిది. లాప్‌టాప్‌ను చెవితో చూసి కొన్న మనిషిని నా జన్మలో ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, నాటికలకు సంగీతం వేసే మాస్టారు. మా వైపు ఊళ్ళలో ఏటా నాటిక పోటీలు జరుగుతాయి. స్టేజీ పక్కన వింగ్‌లో కూర్చుని, నటులు మాట్లాడుతుంటే వెనక నుంచి వాన కురిపించడం, ఉరుము ఉరమడం, రైలు కూత పెట్టించడం ఆయన పని. మొదట హార్మోనియం, తర్వాత టేపు రికార్డరు, చివరికి లాప్‌టాప్. ఒక్కో కీకి ఒక్కో శబ్దం అమర్చుకుని, నటుడు ఊపిరి తీసుకోవడం చూసి నొక్కేవారు. అంతా ముందే రికార్డు చేసి తెచ్చి ఒకే ట్రాకుగా వదిలేసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. "ట్రాకు దారిన ట్రాకు పోతుంది, నటుడి దారిన నటుడు పోతాడు. ఇద్దరూ కలుసుకునేది నాటకం అయ్యాక కాఫీ కొట్టు దగ్గరే" అనేవారు. మనిషి మహా దర్జా. ఇస్త్రీ లాల్చీ, సెంటు, వేళ్ళకు ఉంగరాలు. గొప్పలు చెప్పుకోవడంలో మొహమాటం అనేది లేదు. ఆయన ఉరుము విని ముందు వరసలో ఒకాయన గొడుగు తెరిచాడట. ఆ సంగతి ఒకసారి వేటపాలెంలో జరిగేది, ఇంకోసారి చీరాలలో జరిగేది. "మొన్న వేటపాలెం అన్నారు కదండీ" అంటే, "అక్కడా ఒకడు తెరిచాడమ్మా, నేనేం చేసేది!" అనేవారు.

అలాంటి మనిషి లాప్‌టాప్ ఒక వేసవిలో ప్రాణం వదిలింది. అంతకుముందు నుంచే దాని మూత ఊగిపోతుంటే హార్మోనియం బెల్టుతో కట్టి నడిపిస్తున్నారు. ఈసారి తెర నల్లబడి మళ్ళీ వెలగలేదు. బాగుచేసేవాళ్ళు పెదవి విరిచారు. లోపలి శబ్దాలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి కాబట్టి అవి బతికాయి కానీ, ఏ కీకి ఏ శబ్దమో ఉన్న అమరిక మాత్రం దానితోపాటే పోయింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ నాటక సమాజం దర్శకుడు రాఘవరావు గారు ఇంటికొచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు, గెలవాలన్న తొందర ఎక్కువ. "రేపల్లె పోటీల వరకూ చూస్తాను మాస్టారూ. అక్కడ ఏమైనా తేడా వచ్చిందంటే, ఆ తర్వాత నుంచి ట్రాకే. ఏమనుకోకండి" అని కాఫీ తాగి వెళ్ళిపోయారు. మాస్టారు గేటు దాకా నవ్వుతూనే సాగనంపారు. వెనక్కి తిరిగి వచ్చి మెట్ల మీద కూర్చున్న నాతో, "వింగ్‌లో కాకపోతే నేను ఎక్కడ కూర్చోవాలమ్మాయ్?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడే తెనాలి బజారులో లాప్‌టాప్ కొట్టుకు వెళ్ళాం. కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కదా అని నేను ముందు నడిచాను. కొట్టాయన ఒక్కోటీ తెరిచి, "ఇది గేములకు బ్రహ్మాండంగా ఉంటుందండి" అని మొదలుపెట్టాడు. "మాది నాటకం బాబూ" అని మాస్టారు జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, అందులోంచి చెంపదెబ్బ శబ్దం పెట్టమన్నారు. నాకేసి తిరిగి, "ఏమ్మా, నన్ను కొట్టు" అన్నారు. నేను బిత్తరపోయాను. "నిజంగా కాదే పిచ్చిదానా, నటిస్తున్నట్టు చెయ్యి విసురు. చెయ్యి చెంప దగ్గరికొచ్చేసరికి దెబ్బ మోగాలి. కాస్త ఆలస్యమైందా, జనం ఏడవాల్సిన చోట నవ్వుతారు." అంత నడిబజారులో, పెద్దాయన చెంప మీదికి నేను చెయ్యి విసరడం, ఆయన తల పక్కకు తిప్పుతూ కీ నొక్కడం, ఆ దెబ్బ ఆనక ఎప్పుడో మోగడం. చీరల కొట్టుకు పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. ఒకావిడైతే, "ఏంటమ్మా, తండ్రిని అలా కొడతావు?" అని నన్ను నిలదీసింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే మాస్టారికి మాత్రం జనం పోగయ్యేసరికి హుషారొచ్చేసింది. ఒక్కో లాప్‌టాప్ దగ్గరా చెవి వంచి, "ఇది ఆలోచించి పలుకుతోంది" అనీ, "దీనికి బద్ధకం" అనీ తీర్పులు చెప్పుకుంటూ పోయారు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి చిన్నది, నల్లది, ఆయన పాతదాని కొలతే. రెండోది పెద్దది, వెండిరంగుది, కుడివైపున అంకెల కీలు వేరుగా ఉన్నది. ఆ అంకెలవల్ల అక్షరాల కీలన్నీ కాస్త ఎడమకు జరిగి ఉంటాయి, మీ వేళ్ళు తడబడతాయండీ, చిన్నదే తీసుకోండని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఆయన వింటే కదా! "వింగ్‌లో పదిమంది చూస్తారమ్మాయ్, పలకంత దాన్ని పట్టుకు కూర్చుంటే ఏం బాగుంటుంది?" అని పెద్దదే పెట్టెలో పెట్టించారు. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు.

అయితే దెబ్బ ఇంకా పూర్తిగా చెంప మీద పడటం లేదు, ఒక పిసరు వెనకే మోగుతోంది. అది యంత్రం తప్పు కాదు, లోపలి సిస్టమ్‌నే మార్చి చూద్దాం, లినక్స్ అని ఉచితంగా దొరికేది ఇంకోటుంది, దాంట్లో శబ్దాలు వేసే ప్రోగ్రాములు చురుగ్గా ఉంటాయి అన్నాను. ఆయన బెంగపెట్టుకున్నారు. "కొత్తింట్లో స్విచ్చి ఎక్కడుందో తెలియక గోడ తడుముకోవడమేగా ఇదంతా" అన్నారు. సరే, మార్చాను. ఈసారి చెయ్యి విసరగానే దెబ్బ ఫెళ్ళున మోగింది, వంటింట్లోంచి పిన్నిగారు, అదే మాస్టారి భార్య, గరిటెతో సహా పరుగెత్తుకొచ్చారు. ఇక మిగిలింది కీల అమరిక. ఏ కీకి ఏ శబ్దం ఉండేదండీ అంటే ఆయన తెల్లమొహం వేశారు. "నాకేం తెలుసు? వేళ్ళకు తెలుసు." అందుకని ఆయన్ని కళ్ళు మూసుకోమని నేను ఒక్కో శబ్దం పేరూ పిలిచాను. "వాన!" అంటే వేలు వెళ్ళి ఒక కీ మీద వాలేది. "కుక్క!" అంటే ఇంకో కీ. ఆ వేలు వాలిన చోటల్లా ఆ శబ్దాన్ని అమర్చుకుంటూ వచ్చాను. ఒక్కటే చిక్కు. పొద్దున వాలిన చోట సాయంత్రం వాలేది కాదు, ఒక కీ అటో ఇటో జరిగేది. కీల మీద రంగు స్టిక్కర్లు అంటిస్తానంటే కస్సుమన్నారు. "ఇన్నేళ్ళూ హార్మోనియం మెట్ల మీద బొట్లు పెట్టుకుని వాయించానా?" నాకూ కోపమొచ్చి, మీ ఇష్టం, మీ ఖర్మ అని మేడ మీది మా వాటాకు వెళ్ళిపోయాను.

రేపల్లెలో పోటీల రోజు సాయంత్రం నేను వింగ్‌లో ఆయన వెనకే నిలబడ్డాను. మొదటి రంగంలో వాన అద్భుతం. రెండో రంగంలో చెంపదెబ్బ మోగితే జనం ఉలిక్కిపడ్డారు. మాస్టారు నావైపు తిరిగి కన్నుగీటారు. ఇక చివరి రంగం. అత్తగారు మంచం మీద కన్నుమూస్తుంది, కోడలు పక్కన కూర్చుని ఉంటుంది, దూరంగా గుడిగంట ఒక్కసారి మోగాలి. అక్కడితో తెర. మాస్టారు విజయ ఊపిరినే చూస్తూ (కోడలి వేషం విజయది) వేలు దించారు. గుడిగంట బదులు పెళ్ళి మేళం! సన్నాయి, డోలు, తాళికట్టే వేళ మోగే గట్టిమేళం ఒక్కసారిగా హాలంతా అదిరేలా మోగింది. అయిపోయింది, ఇక ఈయన్ని వింగ్‌లో కూర్చోనివ్వరు అనుకున్నాను. విజయ మాత్రం చెక్కుచెదరలేదు. తలెత్తి, వీధివైపు చూసి, చచ్చిపోయిన అత్తగారి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "వినపడుతోందా అత్తయ్యా? ఎవరింట్లోనో పెళ్ళవుతోంది. మీరూ ఇలాగే మేళంతోనేగా ఈ ఇంట్లో అడుగుపెట్టింది" అంది. మాస్టారు అది అందుకుని, ఊరేగింపు సందు తిరిగి వెళ్ళిపోతున్నట్టుగా మేళాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోయారు. తెరపడ్డాక చూడాలి చప్పట్లు! ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఉత్తమ సంగీతం బహుమతి మాస్టారికే ఇచ్చారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు పట్టుకుని, చావు మంచం దగ్గర పెళ్ళి మేళం పెట్టాలన్న ఆలోచన ఎంత అనుభవం ఉంటే వస్తుంది అని తెగ పొగిడారు. శాలువా కప్పారు. రాఘవరావు గారి మొహం వెలిగిపోతోంది. గొడుగు కథ రెండూళ్ళకు పంచిన మనిషి ఈ పొగడ్తను ఎన్ని ఊళ్ళు తిప్పుతారో అని నేను లోలోపల నవ్వుకుంటున్నాను. మాస్టారు మైకు అడిగి తీసుకున్నారు. "అయ్యా, అది నా ఆలోచన కాదండి. గుడిగంట నొక్కబోయి పక్క కీ నొక్కాను. కొత్త లాప్‌టాప్ కొన్నానండి, చేతికింకా అలవాటు కాలేదు. నాటికను ముంచింది నేను, తేల్చింది విజయ. ఇది ఆ అమ్మాయికి చెందాలి" అని శాలువా తీసి విజయ భుజాల మీద కప్పేశారు. న్యాయనిర్ణేతలు తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకున్నారు. సంగీతం బహుమతి మరో సమాజానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె నుంచి తెనాలి పాసింజర్‌లో రాఘవరావు గారు ఎదురుగా కూర్చున్నారు. కాసేపు బిగబట్టుకున్నారు కానీ ఆగలేకపోయారు. "నోరు మూసుకుని శాలువా కప్పుకుంటే మీ సొమ్మేం పోయేది మాస్టారూ? ఒక్కడికి తెలిసిందా అది తప్పని? ఒక్కడు విన్నాడా?" అని గట్టిగానే అరిచారు. మాస్టారు పొలాల వైపు చూస్తూ, "నేను విన్నానుగా రాఘవా" అన్నారు. ఆయన ఒళ్ళో ఆ పెద్ద లాప్‌టాప్ పెట్టె ఉంది. ఆ పూట ఆయన చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది నాకు. పట్టుకోలేదు, పక్కన కూర్చున్నానంతే.

అనుకున్నట్టే కొన్నాళ్ళకు రాఘవరావు గారు ఇంటికొచ్చి, వచ్చే నాటికకు ట్రాకు చేయిస్తున్నానని చెప్పారు. మాస్టారు బతిమాలలేదు. "నేను తప్పుకుంటాను, అది సరే. ట్రాకు మాత్రం వద్దు. నేను తప్పు నొక్కితే విజయ విని నన్ను కాపాడింది. విజయ తప్పితే ట్రాకు వింటుందా? ఈ అమ్మాయిని కూర్చోబెట్టు" అని నన్ను చూపించారు. "అయ్యబాబోయ్, నాకు రాదండి! నేను తప్పులు నొక్కుతాను!" అన్నాను. "నొక్కితే నొక్కావు. దిగివచ్చి చెప్పేయ్" అన్నారు. రాఘవరావు గారు సణుగుతూనే ఒప్పుకున్నారు. ఆ సాయంత్రమే మొదలుపెట్టారు మాస్టారు పాఠాలు. శబ్దాలు కాదు, ముందు ఎదుటి మనిషి ఊపిరి వినడం. పిన్నిగారు బియ్యం ఏరుతుంటే ఆవిడ ఎప్పుడు మాట్లాడబోతుందో ముందే చెప్పమనేవారు. చెప్పలేకపోతే తిట్టేవారు, చెబితే జీడిపప్పు పెట్టేవారు. నేను వింగ్‌లో కూర్చున్నాక ఆయన ముందు వరసలో కూర్చునేవారు. నాకు ఆలస్యమైతే చాలు, ఒక దగ్గు వినపడేది. రాఘవరావు గారు ఆ దగ్గుకు నా కంటే ఎక్కువ భయపడేవారు.

ఇప్పుడు ముందు వరసలోంచి ఆ దగ్గు వినపడదు. పోయిన నెల బాపట్లలో నాటిక వేశాం. చప్పట్లు బాగానే పడ్డాయి. రాఘవరావు గారు వింగ్‌లోకి వచ్చి, "అదరగొట్టావమ్మా! ఎక్కడా వంక పెట్టడానికి లేదు" అన్నారు. థాంక్సండీ అందామని నోరు తెరిచాను కానీ వేరే మాట వచ్చింది. "రెండో రంగంలో ఉరుము ఆలస్యమైందండి. అక్కడ నటుడి మాట తడబడింది నా వల్లే. ఇప్పుడే వెళ్ళి చెప్పొస్తాను" అన్నాను. రాఘవరావు గారు కళ్ళజోడు తీసి పంచెకు తుడుచుకుంటూ, "ఆ మహానుభావుడు పోతూ పోతూ నిన్ను కూడా పాడుచేసి పోయాడు కదమ్మా" అన్నారు. నాకు ఏడుపూ వచ్చింది, ఎంత సంతోషం వేసిందో కూడా చెప్పలేను. లేచి, ఆ నటుణ్ణి వెతుక్కుంటూ గ్రీన్‌రూమ్‌లోకి వెళ్ళాను.