బస్సులో వన్స్ మోర్

"ఆంటీ, నీ స్టాపు వచ్చేసింది."

"రానీవే, ఇంకోసారి పెట్టు!"

ఈ పరాయి దేశంలో, కరామా పేటకెళ్లే బస్సులో, పక్క సీటు ఫిలిప్పీన్ పిల్లతో నా ఆఖరి మాటలవి. ఒక్కత్తే నవ్వుతుంటే ఏంటన్నాను. చెవిలోది ఒకటి తీసి నా చెవిలో పెట్టింది. నవ్వుల నాటకంలో పాటలంట, ఆడినోళ్లే పాడి రికార్డు చేశారంట. అందులో అత్తగారు దొంగచాటుగా కేకు తింటా, నిండు నోటితోనే రాగం తీస్తందని వచ్చీరాని హిందీలో చెప్పింది.

పాట అవగానే మా ఊరి నాటకాల్లోలా "వన్స్ మోర్!" అని కేకేశా. బస్సంతా తిరిగి చూసింది. పాట నచ్చితే మా ఊళ్లో ఇలాగే అరుస్తామని చెప్పా.

"నాటకం ఆపి మళ్లీ పాడిస్తారా!" అందా పిల్ల.

"పాడకపోతే ఊరుకోం" అన్నా.

మీ బాబాయి పోయాక పదిమందిలో నవ్వడం అదే మొదలు. మూడు స్టాపులు దాటి దిగి, ఎండలో నవ్వుకుంటా వెనక్కి నడిచా.

సుజాతా, ఊరికి పంపే ఈ ఉత్తరంలో నేను నవ్వానని రాశావా? సిగ్గేం లేదు, రాయి. ఏదీ, చదివి వినిపించు.