పోయినాడు అన్న మాట

మా తమ్ముడు పదో తరగతి రెండుసార్లు తప్పాడు. అయినా సరుకుల ఓడలో పనికి కుదిరి దేశాలు తిరిగాడు. నేను ఎమ్మే ఇంగ్లీషు చదివి చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునేదాన్ని. ఇంట్లో వాడి ఉత్తరానికి ఉన్న విలువ నా ఎమ్మేకి లేదు. ఆ కుళ్ళు నాలో ఉండేది. ఇప్పుడు దాచుకుని చేసేదేముంది.

తొంభైల చివర్లో ఆ ఓడ గల్లంతయింది. పరాయి దేశపు నౌకాదళం దాన్ని ఆపి మనుషుల్ని పట్టుకెళ్ళిందని మనవాళ్ళ అనుమానం. ఓడ మునిగిపోయింది, మా దగ్గర ఒక్కరూ లేరని ఆ దేశం వాదన. రెండు సర్కార్ల మధ్య మాటలు ముదిరాక, కుటుంబాల వాంగ్మూలం తీసుకోవడానికి ఢిల్లీ అధికారి ఒకాయన, తెల్ల యూనిఫారంలో నేవీ ఆయన ఒకరు చిత్తూరు వచ్చారు. మమ్మల్ని ఒక ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళకు తెలుగు రాదు. తర్జుమా చేసేవాడు రాలేదంటే, నేను చేస్తానని ముందుకు దూకాను. మామిడి మండీలో కాయలు ఏరి నన్ను చదివించిన నాయన అందరి వైపూ గర్వంగా చూశాడు.

ఢిల్లీ అధికారి సంగతి తేటగా చెప్పాడు. ఊరికే మావాళ్ళేరీ అంటే ఆ దేశం లేరనే అంటుందట. బతికే ఉన్నారని కుటుంబాలు నమ్మేవాళ్ళ పేర్లతో జాబితా పంపుతారట. పేరు పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదట. తర్వాత కొడుకు గురించి చెప్పమని నాయనను అడిగాడు.

"మావోడు పోయినాడు సార్. ఎట్లన్నా మాకు తెచ్చీండి," అన్నాడు నాయన.

మా సీమలో అంగడికి వెళ్ళినవాడూ పోయినాడే, కాటికి వెళ్ళినవాడూ పోయినాడే. ఏ పోవడమో వినేవాళ్ళకు తెలుస్తుంది. నాకూ తెలుసు. కానీ ఇంగ్లీషు మాట్లాడాలన్న తొందరలో "హీ ఈజ్ గాన్, సర్. ప్లీజ్ బ్రింగ్ హిమ్ టు అస్," అనేశాను.

నేవీ ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇది ఖాయమేనా అని ఢిల్లీ ఆయన మెల్లగా అడిగాడు. నేను నాయన వైపు తిరిగి, నిజమేనా అంటున్నారు అన్నాను.

"పోయింది నిజమే గదమ్మా," అన్నాడు నాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నేను ఎస్ అన్నాను. ఆయన రాసుకున్నాడు. నా ఇంగ్లీషు చాలా బాగుందని మెచ్చుకుని, తర్జుమా చేసినదానిగా సంతకం పెట్టమని కాగితం నా ముందుకు జరిపాడు. కొడుకు చనిపోయినట్టు తండ్రి ఒప్పుకున్నాడని, శవాన్ని అప్పగించమని కోరుతున్నాడని అందులో ఉంది. తప్పు నాది సార్ అంటే సరిపోయేది. మెప్పు పొంది నిమిషం కాలేదు, అప్పుడే నాకు ఇంగ్లీషు రాదని ఏ నోటితో చెప్పను? సంతకం పెట్టాను. నాయన దాని కింద వేలిముద్ర వేసి వాళ్ళిద్దరికీ దండం పెట్టాడు.

వాడు ఎటూ బతికి ఉండడులే అని ఆరు నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం కావాలని ఒక్క రోజు కూడా దేవుణ్ణి అడగలేదు. వాడు తిరిగొస్తే నా సంతకం బయటపడుతుంది.

ఆరు నెలలకు ఏడుగురు తిరిగొచ్చారు. వాళ్ళలో నాయుడుపేట అతనొకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గడపలోనే నిలబడి, తమ్ముడూ తామూ ఒకే జైలుగదిలో ఉన్నామని చెప్పాడు. ఒకరోజు ఇండియా నుంచి వచ్చిన జాబితా చదివారట. ఆ ఏడు పేర్లవాళ్ళనే వదిలారట.

"మీవాడి పేరు రాలా. అయినా లేసి నిలబడినాడు. కూసోమన్నారు," అన్నాడు.

మర్నాడే తమ్ముణ్ణి ఇంకెక్కడికో తీసుకుపోయారట. ఆ తర్వాత వాడి సంగతి ఎవరికీ తెలియదు. మా దగ్గర అలాంటివాడు ఎన్నడూ లేడని ఆ దేశం ఇప్పటికీ అంటుంది.

అతను వెళ్ళాక నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టాను. నాయన దాన్ని ముట్టలేదు.

"మనోడి పేరు రాయకుండా ఎవుడు కొట్టేసినాడో కనుక్కోమ్మా," అన్నాడు. "నీకు ఇంగ్లీషొచ్చు గదా."