కోసిగిలో కుర్చీ

శివజ్యోతి కర్నూలులో ఒక చిన్న కంపెనీలో సర్వర్ చూసుకునేది. ఆసుపత్రుల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆ కంపెనీ పని. ఆమె సొంతూరు కోసిగి. భర్త వీరభద్ర బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. రెండో తరగతి చదివే కూతురు యామిని కోసిగిలో నాయనమ్మ సుంకులమ్మ దగ్గర ఉండేది. ఒక్క సంసారానికి మూడు చోట్ల పొయ్యి వెలిగేది.

"ఎప్పుడొస్తావు మా?" అని యామిని ఫోన్లో రోజూ అడిగేది. "వస్తాలే బంగారూ" అనేది శివజ్యోతి. ఫోన్ పెట్టేశాక హాస్టల్ మెట్ల మీద అలాగే కూర్చుండిపోయేది.

ఆ ఏడాది కంపెనీ కోసిగిలో ఒక గది అద్దెకు తీసుకుని పాత కంప్యూటర్లు పెట్టింది. మనుషులు అక్కడ కూర్చున్నా పనంతా నడిచేది కర్నూలు సర్వర్‌లోనే. కొద్దిమంది చేరగానే రెండూళ్లలోనూ తెరలు బిగుసుకుపోయాయి. మేనేజర్ శ్రావణి విసిగిపోయి, కోసిగి గది మూసేద్దామంది.

ఇంటర్ చదివి టైపు నేర్చిన వీరభద్రకు ఆ గదిలో పని దొరుకుతుందని, తర్వాత తానూ అక్కడికి మారిపోవచ్చని శివజ్యోతి ఎంత ఆశపడిందో ఆమెకే తెలుసు.

"మూయొద్దు మేడమ్. ప్రాసెసర్ సగం ఖాళీగానే ఉండాది. ర్యామ్ సాలడంల్యా, డిస్కు పాతది. ఆ రెండూ మార్చి, ఉన్న సర్వర్‌నే లోపల రెండుగా విడగొడదాం. ఒకదాంట్లో పని ఆగినా రెండోదాంట్లో వాళ్లకు అడ్డముండదు. ఇంకా శానామంది పడతారు."

"కుదురుతుందా?"

"ఒక్క ఆదివారం నాకియ్యండి."

ఆదివారమంతా శివజ్యోతి కర్నూలు సర్వర్ గది వదల్లేదు. సోమవారం పొద్దున అందరూ ఒకేసారి లాగిన్ కాగానే కోసిగి వైపు మళ్లీ మొరాయించింది. ఆ భాగానికి ర్యామ్ తక్కువ పంచినట్టు ఆమెకు అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచినప్పుడు సర్దింది. ఆ తర్వాత ఎవరి తెరా ఆగలేదు.

కోసిగిలో కుర్చీలు పెరిగాయి. ఒకటి వీరభద్రకు వచ్చింది.

"జ్యోతీ, మనూర్లోనే కూసోని పని చేస్తాండా! పాపను బడికాడ నేనే దింపొచ్చినా." అన్నాడు వీరభద్ర ఫోన్లో.

ఆమె వెంటనే బదిలీ అడిగింది. శ్రావణి తల దించుకుంది. "సర్వర్ ఇక్కడుంది జ్యోతీ. ఇంతమంది దాని మీదే ఉన్నారు. నీలా చూసుకునే మనిషి దొరకనీ."

రెండు వారాలకు సెలవు దొరికి శివజ్యోతి ఆదోని మీదుగా బస్సులో ఊరికి పోయింది. దువ్వెన తీసుకుని కూతుర్ని పిలిచింది. యామిని తండ్రి ఒళ్లోంచి కదల్లేదు.

"నాయన బాగేస్తాడు మా జడ."

"మీయమ్మ అంత దూరంనుంచి వచ్చిండాది, పోమ్మా" అన్నాడు వీరభద్ర, నొచ్చుకుంటూ.

"నువ్వే ఏయిలే మామా" అంది శివజ్యోతి. పక్కనే కూర్చుని, అతని మొరటు వేళ్లు పాయలు తీయడం చూస్తూ ఉండిపోయింది. తాను ఇన్నాళ్లూ కోరుకున్న ఇల్లు కళ్లముందే ఉంది. అందులో తన చోటే ఖాళీ.

కర్నూలుకు తిరిగొచ్చిన మర్నాడే, టైపు చేసేవాళ్లలో చురుకైన కృపమణిని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు నేర్చుకో చెల్లీ, నేను ఇంటికి పోవల్ల" అని ఉన్నమాట చెప్పింది.

కృపమణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"చెప్పక్కా. యాడ మొదలుపెడదాం?"